పిల్లల గడుల ఆటలు

గడుల ఆటలు అనగా నేలపైన, బల్లపైన, గుడ్డపైన లేదా కాగితంపైన ఏర్పరచిన గడులలో గానీ, గీతల కూడళ్ళలో గానీ, గుంటలలో గానీ కాయలను నడుపుతూ ఆడే ఆటలు. వీటిని బోర్డు ఆటలు అని కూడా అంటారు. అష్టా చెమ్మా, వైకుంఠపాళి, పులిజూదం, దాడి, వామనగుంటలు తెలుగునాట ప్రసిద్ధమైనవి. చదరంగం, పచ్చీసు భారతదేశంలో పుట్టి ప్రపంచమంతటా వ్యాపించినవి.

ఈ ఆటలు పిల్లలకు లెక్కింపును, వంతు కోసం వేచి ఉండడాన్ని, ఓటమిని ఓర్చుకోవడాన్ని నేర్పుతాయి. అంతేకాక చరిత్ర అధ్యయనానికి ఇవి చక్కని తొలి మెట్టు. సంగ్రహాలయంలోని ప్రాచీన వస్తువును పిల్లలు అద్దం వెనుక నుండి చూడగలరే గాని వాడలేరు. ప్రాచీనమైన ఆటనైతే సుద్దముక్కతో గీసి, వెంటనే ఆడి చూడవచ్చును. తెలుగునాట ఆటల నియమాలు చాలావరకు గ్రంథాలలో కాక పెద్దల జ్ఞాపకాలలో నిలిచి ఉన్నవి. కనుక వాటిని ఆడి, అడిగి, వ్రాసిపెట్టే పిల్లలు చరిత్రను చదవడమే గాక భద్రపరచినవారు కూడా అవుతారు.

పేర్లు, పరికరాలు

ఆటలో నడిపే వస్తువును తెలుగులో కాయ, పావు అని వ్యవహరిస్తారు. అష్టా చెమ్మా వంటి ఆటలలో కాయ తన ప్రయాణం ముగించి నడిమి గడికి చేరితే "పండింది" అంటారు. ప్రత్యర్థి కాయను తొలగించడాన్ని "చంపడం" అనీ, ఎవరూ చంపరాని గడిని "ఇల్లు" అనీ అంటారు. నియమాలను తప్పించి ఆడడం "తొండి". ఈ మాటల అర్థం తెలిసిన పిల్లలకు ఆట నియమాలలో సగం తెలిసినట్లే.

పరికరాలకు ఖర్చు ఏమీ లేదు. గడులను సుద్దతో గానీ బొగ్గుతో గానీ అరుగుమీద గీసేవారు. కాయలుగా చింతగింజలు, గాజు ముక్కలు, పెంకు ముక్కలు, చిన్న రాళ్ళు, పుల్లలు వాడేవారు. పందెం వేయడానికి గవ్వలు లేదా చింతపిక్కలు ఉపయోగిస్తారు. చింతగింజను గరుకు రాతిపై ఒక వైపు అరగదీస్తే ఆ వైపు తెల్లగానూ, రెండవ వైపు నల్లగానూ ఉంటుంది. అటువంటి నాలుగు పిక్కలు నాలుగు గవ్వలకు బదులుగా పనిచేస్తాయి.

చరిత్ర

ప్రాచీన ప్రపంచం

ఈజిప్టులో ఆడిన సెనెత్ అనే ఆటలో మూడు వరుసలుగా 30 గడులు ఉంటాయి. 1922లో హోవార్డ్ కార్టర్ కనుగొన్న టూటన్‌ఖామన్ సమాధిలో ఈ ఆట పెట్టెలు లభించినవి. మెసొపొటేమియాలోని ఉర్ నగరపు రాజ సమాధులలో 1920లలో లియొనార్డ్ వూలీ జరిపిన త్రవ్వకాలలో 20 గడుల ఆట బల్లలు బయటపడినవి. ఇవి సుమారు 4,500 సంవత్సరాల క్రిందటివి. వీటిలో ఒకటి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. ఈ 20 గడుల ఆటకు సంబంధించిన నియమాలను క్రీ.పూ. 177 నాటి బాబిలోనియా మట్టి పలక ఆధారంగా ఇర్వింగ్ ఫింకెల్ అనే పండితుడు వివరించాడు. వస్తువు దొరికినా నియమాలు వ్రాసి లేకపోతే ఆట ఎలా ఆడేవారో ఊహించవలసి వస్తుందని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

భారతదేశం

సింధు నాగరికతకు చెందిన మొహెంజొదారో, హరప్పాలలో పాచికలు లభించినవి. నేటి పాచికలో ఎదురెదురు ముఖాల చుక్కలను కూడితే 7 వస్తుంది. మొహెంజొదారో పాచికలలో 1కి ఎదురుగా 2, 3కి ఎదురుగా 4, 5కి ఎదురుగా 6 ఉండే అమరిక కనిపిస్తుంది. మట్టితో రెండు రకాల పాచికలనూ చేయించి పిల్లల చేతనే ఈ తేడాను కనిపెట్టించవచ్చును.

ఋగ్వేదం పదవ మండలంలోని 34వ సూక్తం జూదరి దుఃఖాన్ని వర్ణిస్తుంది. ఆ కాలంలో తాండ్రకాయలను పాచికలుగా వాడేవారు. బౌద్ధ వాఙ్మయంలో దీఘనికాయంలోని బ్రహ్మజాల సుత్తంలో బుద్ధుడు దూరంగా ఉండే వినోదాల జాబితా ఉన్నది. అందులో వరుసకు ఎనిమిది గడులు, పది గడులు గల ఫలకాలపై ఆడే ఆటలు పేర్కొనబడినవి. ఎనిమిది గడుల ఫలకాన్ని అష్టాపదం అంటారు. తరువాతి కాలంలో దీనిపైననే చతురంగం ఆడారు. 7వ శతాబ్దంలో బాణుడు రచించిన హర్షచరితంలో అష్టాపదం, చతురంగం రెండూ ప్రస్తావించబడినవి.

తెలుగు సాహిత్యంలో 11వ శతాబ్దపు నన్నయ ఆంధ్రమహాభారతం సభాపర్వంలో ద్యూతఘట్టం, 13వ శతాబ్దపు తిక్కన విరాటపర్వంలో ధర్మరాజు కంకుభట్టుగా విరాటునితో జూదమాడే ఘట్టం సుప్రసిద్ధాలు.

విజయనగర రాజధాని హంపిలో రాతి నేలలపై చెక్కిన ఆటల గడులు నేటికీ కనిపిస్తాయి. ఫతేపూర్ సిక్రీ కోటలో పచ్చీసు పటం ఆవరణలోనే పరచి ఉన్నది. మైసూరు మహారాజు మూడవ కృష్ణరాజ ఒడయారు (1794-1868) అనేక కొత్త ఆటలను రూపొందించాడు. ఆయన సంకలనమైన శ్రీతత్త్వనిధిలో కౌతుకనిధి అనే భాగం ఆటలకు సంబంధించినదే.

విదేశాలకు ప్రయాణం

చతురంగం పర్షియాకు వెళ్ళి చత్రంగ్ అయింది, అరబ్బుల వద్ద షత్రంజ్ అయింది, అక్కడనుండి ఐరోపాకు చేరింది. మన మంత్రి స్థానంలో ఐరోపాలో రాణి వచ్చి చేరింది. 15వ శతాబ్దపు చివరలో ఆ పావుకు నేటి విస్తృతమైన నడక ఏర్పడినది.

పచ్చీసు అనగా ఇరవై అయిదు. గవ్వల పందెంలో అత్యధిక విలువ అదే గనుక ఆ పేరు వచ్చినది. ఈ ఆట 19వ శతాబ్దంలో అమెరికాలో పార్చీసీ అనే పేరుతో అమ్మకానికి వచ్చింది. 1896లో ఇంగ్లండులో లూడో అనే సరళమైన రూపానికి పేటెంటు లభించింది. ఈ విధంగా సముద్రం దాటిన పచ్చీసు లూడోగా మారి, అట్టపెట్టెలో భారతదేశానికి తిరిగి వచ్చింది.

వైకుంఠపాళి కూడా ఇటువంటి ప్రయాణమే చేసింది. 1892లో ఇంగ్లండులో పాములు-నిచ్చెనల ఆటగా వెలువడింది. 1943లో అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ సంస్థ పాములకు బదులు జారుడుబల్లలను పెట్టి విడుదల చేసింది.

తెలుగునాట ప్రసిద్ధమైన ఆటలు

అష్టా చెమ్మా

అయిదు వరుసలు, అయిదు నిలువులుగా 25 గడులు గీస్తారు. నాలుగు వైపులా నడిమి గడిలోనూ, మధ్య గడిలోనూ అడ్డగీతలు గీసి ఇళ్ళను గుర్తిస్తారు. ఇద్దరు, ముగ్గురు లేదా నలుగురు ఆడవచ్చును. ఒక్కొక్కరికి సాధారణంగా నాలుగు కాయలు. నాలుగు గవ్వలు వేసినప్పుడు ఎన్ని వెల్లకిల పడితే అన్ని గడులు నడవాలి. నాలుగూ వెల్లకిల పడితే చెమ్మ, అనగా 4. నాలుగూ బోర్లా పడితే అష్టా, అనగా 8. ఈ రెండు పందేలకు మరల వేసే అవకాశం ఉంటుంది.

కాయ బయటి వరుసలోని 16 గడులను చుట్టి, లోపలి 8 గడులలో ఎదురు దిశగా తిరిగి, నడిమి గడిలో పండుతుంది. అనగా 25 గడులనూ ఒక్కొక్కసారి తాకుతుంది. ప్రత్యర్థి కాయను ఒకదానినైనా చంపనిదే లోపలి వరుసలోకి వెళ్ళరాదనే నియమం చాలా చోట్ల ఉన్నది. ఇదే ఆటను కన్నడిగులు చౌకాబార అని, తమిళులు తాయం అని పిలుస్తారు.

వైకుంఠపాళి

దీనిని పరమపద సోపాన పటం అని కూడా అంటారు. పుణ్యకార్యాలు నిచ్చెనలుగా, దుర్గుణాలు పాములుగా చిత్రించబడి, పై వరుసలో వైకుంఠం ఉంటుంది. ఉత్తరాదిన దీనికి జ్ఞానచౌపడ్ అని పేరు. అక్కడ జైనుల పటాలలో 84 గడులు, వైష్ణవుల పటాలలో 72 గడులు సాధారణం. తెలుగులో "పెద్దపాము నోట పడడం", "నిచ్చెన ఎక్కడం" అనే నుడికారాలు ఈ ఆటవే. నేడు బజారులో దొరికే పటాలలో చాలావాటికి అంకెలు తప్ప పేర్లు లేవు. పాత పటంలో ఏ గుణం మనిషిని దించుతుందో, ఏది ఎక్కిస్తుందో చదువుకుంటూ ఆడవలసి ఉండేది.

పులిజూదం

మేక-పులి ఆట అని కూడా పిలుస్తారు. త్రిభుజాకారపు పటంలో 23 కూడళ్ళు, 3 పులులు, 15 మేకలు ఉంటాయి. మేకలను ఒక్కొక్కటిగా పెట్టాలి. అన్నీ పెట్టిన తరువాతనే మేకలు కదలాలి. పులి పక్కనున్న మేకపై నుండి ఖాళీ కూడలికి దూకితే ఆ మేక చనిపోతుంది. పులులు ఎటూ కదలకుండా కట్టివేస్తే మేకలు గెలిచినట్లు. ఇరువైపులా బలం సమానంగా లేకపోవడం ఈ ఆట ప్రత్యేకత. ఒంటరి మేక ఓడుతుంది, కలసి నిలిచిన మేకలు గెలుస్తాయి. నేపాలులో ఇటువంటి ఆటనే 4 పులులు, 20 మేకలతో బాగ్-చాల్ అనే పేరుతో ఆడతారు.

దాడి

ఒకదానిలో ఒకటిగా మూడు చతురస్రాలు గీసి, భుజాల మధ్య బిందువులను కలుపుతారు. 24 కూడళ్ళు ఏర్పడతాయి. ఇద్దరికీ తొమ్మిదేసి కాయలు. ఒకే గీతపై మూడు కాయలు చేరితే "దాడి" అయినట్లు. అప్పుడు ప్రత్యర్థి కాయను ఒకదానిని తీసివేయవచ్చును. ఇంగ్లండులో ఇదే ఆటను నైన్ మెన్స్ మోరిస్ అంటారు. షేక్‌స్పియర్ నాటకం "ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్"లో దీని ప్రస్తావన ఉన్నది.

వామనగుంటలు

రెండు వరుసలలో ఏడేసి చొప్పున 14 గుంటలు గల చెక్కపై గింజలతో ఆడతారు. చెక్క లేనిచోట నేలలో గుంటలు తవ్వుకుంటారు. ఒక గుంటలోని గింజలన్నీ తీసి, వరుసగా ఒక్కొక్క గుంటలో ఒక్కొక్కటి వేస్తూ పోవాలి. తమిళంలో పల్లాంగుళి, కన్నడంలో అళిగుళి మణె అంటారు. ఆఫ్రికా దేశాలలో విస్తారంగా ఆడే మంకాల కుటుంబపు ఆటలకు ఇది దగ్గరి పోలిక గలది.

పిల్లలకు పరిచయం చేసే క్రమం

మూడు నాలుగు సంవత్సరాల పిల్లలకు పోటీ కన్నా అమరిక ముఖ్యం. పది గడుల ఒకే వరుస గీసి, ఒక కాయను మొదటినుండి చివరకు నడిపించడం చాలును. అయిదారు సంవత్సరాల వారికి వైకుంఠపాళి అనువైనది. ఇందులో గెలుపు పూర్తిగా పందెం మీదనే ఆధారపడుతుంది గనుక పెద్దవారూ పిల్లలూ సమానులే. ఏడెనిమిది సంవత్సరాలకు అష్టా చెమ్మా నేర్పవచ్చును. నాలుగు కాయలలో ఏది నడపాలో నిర్ణయించుకోవడం ఇక్కడ మొదలవుతుంది. ఆ తరువాత పందెంతో పని లేని పులిజూదం, దాడి, చదరంగం నేర్పవచ్చును.

ఏ ఆటకైనా ఈ క్రమం ఉపయోగకరం.

1. పటాన్ని పిల్లల చేతనే గీయించాలి. 25 సమానమైన గడులు గీయడమే ఒక రేఖాగణిత పాఠం.
2. నియమాలన్నీ ముందే చెప్పక, రెండు మూడు నియమాలతో ఆట మొదలుపెట్టి, అవసరమైనప్పుడు మిగిలినవి చెప్పాలి.
3. ఆట తెలిసిన తరువాత ఇంటిలోని పెద్దలను అడిగి రమ్మనాలి. ఆట పేరు, ఆడిన ఊరు, నేర్పినవారు, కాయల సంఖ్య, గవ్వల విలువలు, చంపే నియమం అనే అంశాలను నోటు పుస్తకంలో వ్రాయించాలి.
4. అందరి వివరాలను తరగతిలో పోల్చి చూడాలి.
5. చివరగా పటం మీద ఆ ఆట పొరుగు రాష్ట్రాలలో, విదేశాలలో ఏ పేరుతో ఉన్నదో గుర్తించాలి.

నాలుగవ మెట్టులో సాధారణంగా వాదన పుడుతుంది. అమ్మమ్మ ఊరి నియమం ఒకటి, నాయనమ్మ ఊరి నియమం మరొకటి అవుతుంది. ఏది సరియైనదని పిల్లలు అడుగుతారు. రెండూ సరియైనవే. వ్రాతలో లేని ఆట ఊరూరా మారుతుంది. ఆటకు ముందు ఏ నియమంతో ఆడాలో అందరూ ఒప్పుకోవాలి, ఒప్పుకున్న తరువాత మార్చరాదు. నియమం అనేది ఒప్పందమని పిల్లలకు ఇంతకన్నా తేలికగా బోధించే మార్గం లేదు.

గణిత ప్రయోజనం

అమెరికాలో రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లో ప్రచురించిన పరిశోధనలో, బడికి రాని వయసులోని పేద కుటుంబాల పిల్లల చేత 1 నుండి 10 వరకు అంకెలు గల ఒక వరుస ఆటను ఆడించారు. రెండు వారాలలో 15 నిమిషాల చొప్పున నాలుగు సార్లు ఆడినంతలోనే వారి సంఖ్యాజ్ఞానం మెరుగుపడినది. అంకెలకు బదులు రంగులు గల పటంతో ఆడినవారిలో ఆ మార్పు కనిపించలేదు.

ఇందులో ఒక మెలకువ ఉన్నది. అయిదవ గడిలో ఉన్న కాయకు రెండు పడినప్పుడు "ఒకటి, రెండు" అని గాక "ఆరు, ఏడు" అని గడిలోని అంకెను పలుకుతూ నడపాలి. అప్పుడే సంఖ్యల వరుస మనసులో నిలుస్తుంది.

పెద్ద తరగతుల వారికి అష్టా చెమ్మా సంభావ్యతను బోధిస్తుంది. నాలుగు పిక్కలు పడే విధానాలు మొత్తం 16. వాటిలో రెండు పడే విధానాలు 6, ఒకటి పడేవి 4, మూడు పడేవి 4, చెమ్మ ఒకటి, అష్టా ఒకటి. అయితే గవ్వ రెండు వైపులా ఒకే విధంగా ఉండదు గనుక వాస్తవ ఫలితం ఈ లెక్కకు కొంత భిన్నంగా రావచ్చును. వంద సార్లు వేయించి పట్టిక వ్రాయిస్తే లెక్కకు, అనుభవానికి గల తేడా పిల్లలకే తెలుస్తుంది.

ఆధారము, ఐతిహ్యము

ఆటల చరిత్రలో కథలు ఎక్కువ. వైకుంఠపాళిని 13వ శతాబ్దపు మహారాష్ట్ర సంతకవి జ్ఞానదేవుడు రూపొందించాడని విస్తృతంగా ప్రచారంలో ఉన్నది. దీనికి ఆ కాలపు ఆధారం లేదు. నేడు లభించే పాత పటాలు చాలావరకు 18, 19 శతాబ్దాలవి. ఫతేపూర్ సిక్రీలో అక్బరు మనుషులనే కాయలుగా నిలబెట్టి ఆడేవాడనేది కూడా లోకంలో చెప్పుకునే కథ. రాతిపై చెక్కిన గడుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. గుడి 15వ శతాబ్దానిదైతే నేలపై గీసిన గడులు కూడా అప్పటివేనని చెప్పలేము. తరువాత ఎప్పుడైనా నీడలో కూర్చున్నవారు గీసి ఉండవచ్చును.

కథలను పిల్లలకు చెప్పకుండా ఉండనవసరం లేదు. కథను కథగా, ఆధారాన్ని ఆధారంగా చెప్పాలి. "ఇది మనకు ఎలా తెలిసింది?" అనే ప్రశ్నను ప్రతి ఆట వద్దా అడిగించగలిగితే, చరిత్ర బోధనలో ముఖ్యమైన పాఠం పూర్తయినట్లే.

పందెము, జూదము

గడుల ఆటల చరిత్రను జూదం నుండి పూర్తిగా విడదీయడం సాధ్యం కాదు. పులిజూదం పేరులోనే ఆ మాట ఉన్నది. ఋగ్వేద సూక్తం, సభాపర్వ కథ రెండూ పందెం వలన కలిగే వినాశాన్ని వివరిస్తాయి. ఈ విషయాన్ని దాచక, వయసుకు తగినట్లు చెప్పడమే మేలు. ధర్మరాజు ఆట రాక చెడలేదు, ఆపలేక చెడినాడు. 2025లో భారత పార్లమెంటు డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసినది. ఈ కారణంగా ఇది పిల్లలకు పాతకాలపు సంగతి మాత్రమే కాదు.

జాగ్రత్తలు

* గింజలు, గవ్వలు, చిన్న రాళ్ళు మూడు సంవత్సరాల లోపు పిల్లలకు ఇవ్వరాదు. గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉన్నది.
* వామనగుంటలకు గురివింద గింజలు కొన్ని చోట్ల వాడతారు. ఇవి విషపూరితం. పగిలిన లేదా నమిలిన గింజ ప్రాణాపాయం కలిగించగలదు. పిల్లల ఆటకు చింతగింజలనే వాడాలి.
* గాజు ముక్కలకు బదులు గుండీలు వాడవచ్చును.
* చారిత్రక కట్టడాలలోని గడులను చూడవచ్చును, ఫోటో తీయవచ్చును. వాటిపై సుద్దతో గీయడం, గీతలను మరల చెక్కడం చేయరాదు.

ప్రస్తుత స్థితి

చదరంగానికి తెలుగునాట మంచి ఆదరణ ఉన్నది. గుడివాడకు చెందిన కోనేరు హంపి 2002లో గ్రాండ్‌మాస్టర్ అయి, 2019లోనూ 2024లోనూ ప్రపంచ మహిళా ర్యాపిడ్ విజేతగా నిలిచింది. 2016లో విడుదలైన లూడో కింగ్ అనే మొబైల్ ఆట 2020 లాక్‌డౌన్ కాలంలో విశేషంగా వ్యాప్తి చెందినది. 2008లో వచ్చిన "అష్టా చమ్మా" తెలుగు చలనచిత్రం ఆ ఆట పేరును కొత్త తరానికి వినిపించింది. జాతీయ విద్యావిధానం 2020 మూడు నుండి ఎనిమిది సంవత్సరాల పిల్లలకు ఆటల ద్వారా బోధనను ప్రతిపాదించినది.

మొబైలులో ఆట నియమాలు అందరికీ ఒకటే. యంత్రం తొండిని అనుమతించదు, వాదనకు చోటు ఇవ్వదు. కాని ఊరూరా గల భేదాలు అందులో చేరవు. అరుగులు పోయిన ఇళ్ళలో, నేల మార్చిన మండపాలలో గడులు చెరిగిపోతున్నవి. ఆ గడులలో ఆడినవారు ఇంకా అనేక కుటుంబాలలో ఉన్నారు. వారి వద్ద కూర్చుని ఒక్క ఆట ఆడి, దాని నియమాలను వ్రాసుకోవడానికి ఒక సాయంత్రం చాలును.

ఇవి కూడా చూడండి

* అష్టా చెమ్మా
* వైకుంఠపాళి
* పులిజూదం
* వామనగుంటలు
* చదరంగం
* పచ్చీసు